బెన్నహీ కొండ, దాని మణియగార్లు

ఈ వారం నాయకరాజుల జోలికి పోవడం లేదు. సముద్రాలు దాటి స్కాట్లాండ్ పోదాం రండి. ఆ దేశానికి ఈశాన్య మూల అబర్డీన్ అనే పట్టణం ఉంది. దానికి ఇరవై మైళ్ళ చిల్లర దూరంలో బెన్నహీ అని ఒక కొండ. ఎత్తు చెబితే నవ్వుతారు, 528 మీటర్లు. మన తిరువణ్ణామలై కొండ దీనికంటే చాలా పొడుగు. గుడి లేదు, తీర్థం లేదు. ఎక్కి దిగడానికి ఒక పూట చాలు.

అయినా ఆ కొండ గురించి రాస్తున్నామంటే కారణం దాని కింద ఉన్న మనుషులు. 1973లో ఆ చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు కొండను, దాని చరిత్రను కాపాడుకోవడానికి ఒక సంఘం పెట్టుకున్నారు. యాభై ఏళ్ళు దాటినా అది నడుస్తోంది. ప్రభుత్వ శాఖ కాదు, పెద్ద ధర్మకర్తల ట్రస్టు కాదు, మన సంఘం లాంటిదే. సొంత పనులు చేసుకుంటూ, మిగిలిన పొద్దులో వచ్చి చేతులతో పని చేసేవాళ్ళు.

ఆ సంఘం పేరు 'బెయిలీస్ ఆఫ్ బెన్నహీ'. బెయిలీ అంటే ఆ దేశంలో ఒకప్పుడు దొర తరఫున ఊరి తగవులు తీర్చి, హద్దులు చూసే ఉద్యోగి. మన ఊళ్ళల్లో పాతకాలం మణియం ఉద్యోగం తెలిసినవాళ్ళకు దీన్ని విడమరచి చెప్పనక్కర లేదు. సంఘంలో చేరిన ప్రతివాడూ బెయిలీయే, అధ్యక్షుణ్ణి పెద్ద బెయిలీ అంటారు. దొర మనిషి బిరుదును కొండ కింది జనం తీసుకొని తమకు తగిలించుకున్నారన్నమాట. ఆ పేరులో ఎంత చమత్కారం ఉందో 1859 సంగతి చదివాక తెలుస్తుంది.

ముందు కొండ. బెన్నహీ ఒక్క శిఖరం కాదు, నల్లరాతి తలలు వరుసగా లేచిన కొండల గుంపు. అన్నిటికంటే ఎత్తైనది ఆక్సన్ క్రెయిగ్. కానీ దాన్ని ఎవరూ పట్టించుకోరు. దానికంటే పది మీటర్లు తక్కువైన మిదర్ ట్యాప్ మీదే అందరి కళ్ళూ. మిదర్ ట్యాప్ అంటే ఆ ప్రాంతం మాటలో తల్లి శిఖరం. దూరం నుంచి చూస్తే రొమ్ము ఆకారం కనిపిస్తుందని, బెన్నహీ అనే పేరు కూడా పాత గేలిక్ భాషలో ఆ అర్థం నుంచే వచ్చిందని చెబుతారు. ఎక్కడ పుట్టినా మనిషికి కొండలో అమ్మే కనిపిస్తుంది కాబోలు. ఇంగ్లీషులో రాసేటప్పుడు పేరు చివర ఉండే అక్షరాలు చూసి 'బెన్నచీ' అన్నామంటే అక్కడివాళ్ళు నవ్వుతారు. ఆ కొండ ఉన్న ప్రాంతం పేరును 'గారియోక్' అన్నట్టు రాసి 'గీరీ' అని పలుకుతారు. మన ఊరి పేర్లను తెల్లదొరలు ఎట్లా విరిచారో గుర్తుంది గదా. స్కాట్లాండ్ వాళ్ళూ ఆ బాధ పడ్డవాళ్ళే.

తల్లి శిఖరం చుట్టూ కూలిన రాతి కోట ఉంది. గోడ రాళ్ళు కింద దాకా దొర్లి పడి ఉంటాయి. దీన్ని ఎవరు కట్టారనే విషయంలో చాలా కాలం ఊహలే నడిచాయి. ఈ శతాబ్దంలో కొండ ఎక్కే దారిని బాగు చేస్తుంటే గోడ లోపల పాత పొయ్యిలు బయటపడ్డాయి. వాటి బొగ్గును పరీక్షిస్తే క్రీ.శ. 4వ శతాబ్దం నుంచి 8వ శతాబ్దం మధ్య కాలం తేలింది. అంటే పిక్టులు అనే జనం కాలం. తవ్వకం కోసం పోతే కాదు, నడిచే దారికి రాళ్ళు పరిచే పనిలో చరిత్ర దొరికిందని గమనించండి.

పిక్టుల భాషలో ఈనాడు ఒక్క పుస్తకం కూడా మిగల్లేదు. మాట్లాడేవాడు పోయి వెయ్యేళ్ళయింది. మిగిలినవి రాళ్ళ మీద గీతలు, కొన్ని మనుషుల పేర్లు, ఊరి పేర్లు. ఆ చుట్టుపక్కల 'పిట్' అని మొదలయ్యే ఊళ్ళు కుప్పలు. పిట్‌కేపుల్, పిటోడ్రీ ఆ వరుసలోవే. పిట్ అంటే వాళ్ళ మాటలో ఒక భాగం నేల అని పండితులు తేల్చారు. భాష చచ్చాక ఊరి పేరులో ఒక ముక్క బతికి ఉండడం మనవాళ్ళకు కొత్త సంగతి కాదు. తమిళ జిల్లాల్లో పల్లెలకు, వీధులకు ఉన్న తెలుగు పేర్లు ఎన్ని మారిపోతున్నాయో మనమే చూస్తున్నాం.

ఆ కొండ కింద పదడుగులకు పైగా ఎత్తున్న ఎర్రరాయి ఒకటి నిలబడి ఉంది. పేరు కన్నెరాయి, వాళ్ళ మాటలో మెయిడన్ స్టోన్. 9వ శతాబ్దం నాటి చెక్కడం. దాని మీద సిలువ, వింత జంతువు, దువ్వెన, అద్దం. పండితులు చెప్పేది అది. ఊరివాళ్ళు చెప్పేది వేరు. బల్‌క్వెయిన్ దొర కూతురు పెళ్ళి రోజున రొట్టెలు కాలుస్తూ ఉంటే ఒక పరదేశి వచ్చి పందెం వేశాడట. నీ రొట్టెలు అయ్యేలోగా నేను కొండ కొన దాకా బాట వేస్తాను, గెలిస్తే నిన్ను చేసుకుంటాను అని. ఆ పిల్ల నవ్వుతూ ఒప్పుకుంది. చూస్తే బాట అయిపోయింది, వచ్చినవాడు సైతాను. పారిపోతూ దేవుణ్ణి తలుచుకుంటే ఆమె రాయైపోయింది. రాతి పక్కన విరిగిన చోట వాడి చెయ్యి భుజం మీద పడ్డ గుర్తు. కొండ మీదకు పోయే పాత రాతిబాటకు ఇప్పటికీ కన్నెబాట అనే పేరు. ఈ కథను మూఢనమ్మకమని పారెయ్యకుండా పండితుల మాట పక్కనే రాసిపెట్టుకోవడం మాకు బాగా నచ్చింది. చలికాలంలో మంచు దెబ్బకు చెక్కడం పెచ్చులూడకుండా ఆ రాయికి పైన కప్పు బిగిస్తారు, ఎండ కాలంలో తీస్తారు.

ఇంకో కథలో జాక్ అనే రాక్షసుడు ఈ కొండ మీద, మరో జాక్ టాప్ ఓ నోత్ అనే కొండ మీద ఉండి ఒకరి మీద ఒకరు బండలు విసురుకున్నారు. పిల్లలకు చెప్పే కథ. మన దగ్గర ఇట్లాంటి బండలన్నీ భీముడు విసిరినవే గదా.

పెద్ద చరిత్ర కూడా ఈ కొండకు తగులుతుంది. క్రీ.శ. 83లోనో 84లోనో రోమన్ సేనాని అగ్రికోలా ఉత్తరాది జనంతో మాన్స్ గ్రాపియస్ అనే చోట యుద్ధం చేశాడని అతని అల్లుడు టాసిటస్ రాశాడు. చోటు ఎక్కడో రాయలేదు. 1970లలో విమానం నుంచి తీసిన ఫోటోల్లో ఈ కొండకు ఎదురుగా డర్నో దగ్గర 144 ఎకరాల రోమన్ సేన విడిది జాడ కనిపించింది. అప్పటి నుంచి ఆ యుద్ధం బెన్నహీ కిందే జరిగిందని ఒక వర్గం, కాదని ఇంకో వర్గం. పోటీకి ఉన్న కొండలు ఇంకా చాలా. మన సంఘాల్లో కూడా ఫలానా రాజు మనవాడే అని కొట్టుకునేవాళ్ళు ఉన్నారు, వాళ్ళకు ఈ గొడవ తీపిగా ఉంటుంది. మాకు దాని మీద ఆసక్తి తక్కువ. ఆ కొండకు నిజంగా సొంతమైన చరిత్ర ఏదంటే మేము పోరంబోకు చరిత్ర అంటాము.

బెన్నహీ కొండ వందల ఏళ్ళు ఊరుమ్మడి నేల. వాళ్ళు దాన్ని కామన్టీ అనేవాళ్ళు. చుట్టూ ఉన్న పల్లెల జనం అక్కడ పశువులు మేపుకున్నారు. ఇల్లు కట్టడానికి రాయి, కప్పుకు గడ్డితో సహా తవ్విన మట్టి పెళ్ళలు తెచ్చుకున్నారు. అన్నిటికంటే ముఖ్యం పీట్. తడి నేలలో వేల ఏళ్ళు మురిగి గట్టిపడిన నాచు, గడ్డి అది. ఇటుకల్లా కోసి ఎండబెడితే పొయ్యిలోకి పనికొస్తుంది. కట్టె కరువైన ఆ చలిదేశంలో పీట్ లేని ఇల్లు చలికాలం దాటదు. మన పిడకల దిబ్బ లాంటిదే వాళ్ళ పీట్ కుప్ప.

1800 సంవత్సరం తరువాత కొందరు పేదలు ఆ కొండ తూర్పు వాలులో, ఒక వాగు పక్కన గుడిసెలు వేసుకున్నారు. ఆ రోజుల్లో దిగువ భూములను దొరలు పెద్ద కమతాలుగా కలిపేస్తున్నారు, చిన్న రైతుకు, కూలికి తావు లేకుండా పోతోంది. కొండ మీదైతే పట్టా అడిగేవాడు లేడు, బాడుగ అడిగేవాడు లేడు. సున్నం లేకుండా రాయి మీద రాయి పేర్చి గోడలు కట్టారు. బండలు ఏరి పారేసి, తడి నేలకు కాలువలు తీసి, ముళ్ళపొద నేలను చిన్న చిన్న చేలు చేసుకున్నారు. మగవాళ్ళు రాతి పనికి, గోడలు కట్టే పనికి, కోతల కూలికి పోయేవాళ్ళు. 1850 ప్రాంతానికి యాభై మందికి పైగా అక్కడ కాపురం ఉన్నారు. ఆ చోటికి కాలనీ అని పేరు పడింది.

కింద ఉన్నవాళ్ళు వాళ్ళను మంచిగా చెప్పుకోలేదు. కట్టుబాటు లేని మనుషులని, ఎవడి నేలో దిగి కూర్చున్నవాళ్ళని పేరు పెట్టారు. పోరంబోకులో గుడిసె వేసుకున్నవాణ్ణి గురించి ఊళ్ళో ఏం మాట్లాడుకుంటారో మనకు తెలుసు. ఆ పోరంబోకు అనే మాటనే తమిళంలో, తెలుగులో తిట్టు చేసుకున్నాం గదా. నేల పేరు మనిషికి తిట్టయింది.

ఇక చట్టం సంగతి. 1695లోనే స్కాట్లాండ్ శాసనసభ ఒక చట్టం చేసి పెట్టింది. ఉమ్మడి నేల పక్కన భూమి ఉన్న దొర ఒక్కడు అడిగితే చాలు, ఎడిన్‌బరోలోని సెషన్ కోర్టు ఆ నేలను దొరల మధ్య పంచవచ్చు. లెక్కలోకి వచ్చేది పత్రం ఉన్నవాడే. తాతల నాటి నుంచి పీట్ కోసుకున్నవాడికి, గొర్రె మేపుకున్నవాడికి కోర్టులో చోటు లేదు. ఆ చట్టం బెన్నహీ మీదకు 1859లో వచ్చింది. కొండను చుట్టూ ఉన్న ఎస్టేట్లు పంచుకున్నాయి. మ్యాపు మీద గీతలు గీశారు, హద్దురాళ్ళు నాటారు. అంతవరకు ఎవరిదీ కాని, అందరిదీ అయిన కొండ తెల్లారేసరికి ఫలానా దొరలది అయిపోయింది.

కాలనీ ఉన్న వాలు ఒక ఎస్టేటు వాటాకు వచ్చింది. అక్కడివాళ్ళు తాము కట్టిన ఇంట్లో తామే బాడుగదార్లు అయ్యారు. రాళ్ళు ఏరి చేసుకున్న చేనుకు కౌలు కట్టాలి. నేల బాగు చేసింది వాళ్ళు, నేల బాగుపడిందని బాడుగ అడిగింది ఎస్టేటు. కట్టలేక కొందరు పోయారు, వెళ్ళగొడితే కొందరు పోయారు. ముసలివాళ్ళు పోతే ఆ ఇంటి కప్పు మళ్ళీ లేవలేదు. కాలనీలో చివరిదాకా మిగిలిన మనిషి పేరు జార్జి ఎసన్. 1939లో ఆయన పోయాడు. తరువాత ఆ వాలంతా అడవి శాఖ చెట్లు లేచాయి. చేలు, వాకిళ్ళు, గోడలు అన్నీ సూదాకు చెట్ల కింద నీడలోకి పోయాయి.

అదే 1939లో సెప్టెంబరు 3న, బ్రిటన్ యుద్ధం ప్రకటించిన రోజు, ఒక సైనిక విమానం ఈ కొండకు తగిలి కూలింది. ఇద్దరు పోయారు. అందులో నడిపేవాడు కెనడావాడు, ఎల్లర్డ్ కమింగ్స్. రెండో ప్రపంచ యుద్ధంలో పోయిన మొదటి కెనడావాడని అతన్ని చెబుతారు. 1952లో ఇంకో విమానం కూలింది. ఆ ముగ్గురికీ కొండ మీద రాళ్ళ గుర్తు ఉంది. పరదేశి కుర్రవాణ్ణి కూడా తమ కొండ చరిత్రలో కలుపుకున్నారు.

ఇప్పుడు 1973 సంఘానికి వద్దాం. వాళ్ళు మొదలుపెట్టిన పని చాలా చిన్నది. చెత్త ఏరడం, దారి బాగు చెయ్యడం. కొండ ఎక్కేవాళ్ళు పెరిగేకొద్దీ కాళ్ళ కింద మట్టి కొట్టుకుపోతుంది, వానకు దారి వాగవుతుంది. దాన్ని ఆపాలంటే రాయి మోసి పరచాలి, పక్కన నీటికి కాలువ తియ్యాలి. దీనికి ఉపన్యాసం అక్కర లేదు, నడుము కావాలి. దానితోపాటు రాత పని. 1976లోనే 'ది బుక్ ఆఫ్ బెన్నహీ' అని పుస్తకం వేశారు, తరువాత మరికొన్ని వేశారు. రాళ్ళు, పక్షులు, పాటలు, కథలు, దారుల పేర్లు, మనుషుల జ్ఞాపకాలు, ఏది దొరికితే అది. ఇది గొప్పది, ఇది చిన్నది అనే తేడా పెట్టలేదు. మాకు అందులో నచ్చిందే అది.

ఈ శతాబ్దంలో అబర్డీన్ విశ్వవిద్యాలయం పురావస్తు శాఖవాళ్ళు, ఈ సంఘంవాళ్ళు కలిసి కాలనీని తవ్వారు. రోమన్ విడిది మీద పడకుండా, గుడిసెల మీద పడ్డారు. విద్యార్థులతోపాటు ఊళ్ళోవాళ్ళు మోకాళ్ళ మీద కూర్చొని తాపీతో మట్టి గీకారు. ఇంకొందరు కాగితాలు వెతికారు. ఆ దేశంలో 1841 నుంచి పదేళ్ళకోసారి జనాభా లెక్కలో ఇంటింటి మనుషుల పేర్లు, పనులు రాస్తారు. ఆ లెక్కలు, ఎస్టేటు బాడుగ పుస్తకాలు, చర్చి పుస్తకాలు పక్కపక్కన పెట్టి ఏ గోడ ఏ కుటుంబానిదో కలిపి చూశారు. మట్టిలో రంగుబొమ్మల పింగాణీ పళ్ళేల ముక్కలు దొరికాయి. కట్టుబాటు లేని మనుషులని పేరు పడ్డవాళ్ళు అచ్చుపూల పళ్ళెంలో భోంచేశారు. తవ్వకం లేకుంటే వాళ్ళ గురించి శత్రువులు రాసిన మాటే చివరి మాటగా మిగిలేది.

నలభై ఏళ్ళు రైల్వేలో రిజిస్టర్లు రాసిన మాబోటివాళ్ళకు ఆ బాడుగ పుస్తకాల సంగతి చదివితే ఒళ్ళు పులకరిస్తుంది. పద్దు రాసిన గుమాస్తా ఎవడో, వాడికి తెలియకుండానే ఒక కుటుంబాన్ని నిలబెట్టాడు. రైలు సంగతి వచ్చింది గనుక ఒక మాట. ఆ కొండకు దగ్గరి పట్టణం ఇన్వరూరీ. అక్కడ గ్రేట్ నార్త్ ఆఫ్ స్కాట్లాండ్ రైల్వే ఇంజన్ల కర్మాగారం ఉండేది, 1969లో మూసేశారు. కానీ ఊరి ఫుట్‌బాల్ జట్టు పేరు ఇప్పటికీ 'ఇన్వరూరీ లోకో వర్క్స్'. షెడ్డు పోయింది, పేరు మైదానంలో ఆడుతోంది.

మాట సంగతి కూడా చెప్పాలి. ఆ ప్రాంతం వాళ్ళ ఇంటి మాట ఇంగ్లీషు కాదు, డోరిక్ అనే స్కాట్స్ యాస. మిదర్ ట్యాప్ ఆ మాటే. బడిలో ఇంగ్లీషు, ఇంట్లో డోరిక్. తమిళ బడిలో చదివి ఇంట్లో తెలుగు మాట్లాడినవాళ్ళం మనం, ఆ రెండు నాలుకల బతుకు మనకు ఒకరు చెప్పాలా? కొండకు పడమర ఉన్న ఆల్‌ఫర్డ్‌లో పుట్టిన చార్లెస్ మర్రే అనే కవి ఇంజనీరుగా దక్షిణాఫ్రికా పోయాడు. అక్కడ ఉంటూ డోరిక్‌లో 'హేమ్‌విత్' అని కవితల పుస్తకం వేశాడు. హేమ్‌విత్ అంటే ఇంటివైపు. దూరం పోయినవాడికే ఆ మాట విలువ ఎక్కువ తెలిసిందేమో. ఈ కొండ వెనకాల పారే గాడీ వాగు మీద కూడా పాత పాట ఒకటి ఉంది, ఆ ప్రాంతం సైనికులు దాని బాణీకి నడిచేవాళ్ళు.

ప్రభుత్వం ఏమీ చెయ్యలేదా అంటే చేసింది. కొండ కిందే ఓయిన్ పల్లె దగ్గర 1997లో ఆర్కియోలింక్ అని ప్రాచీన చరిత్ర ఉద్యానవనం తెరిచారు. కట్టడం, ప్రదర్శన, పాతకాలపు ఇళ్ళ నమూనాలు, అన్నీ ఉన్నాయి. 2011లో నిధులు లేవని మూతపడింది. పద్నాలుగేళ్ళు. దాని పక్కనే చెత్త ఏరుకుంటూ మొదలైన సంఘం దానికంటే ముందు పుట్టి, అది పోయాక కూడా ఉంది. ప్రభుత్వం డబ్బు చెడ్డదని కాదు. కొండలో ఎక్కువ భాగం ఇప్పుడు ప్రభుత్వ అడవి శాఖదే, వాళ్ళతో కలిసే సంఘం పని చేస్తుంది. 2003లో వచ్చిన భూసంస్కరణ చట్టం ప్రకారం ఎవరి నేలైనా, పాడు చెయ్యకుండా నడిచిపోయే హక్కు జనానికి ఉంది. 1859లో మూసిన కొండ నడిచేవాడికి మాత్రం మళ్ళీ తెరుచుకుంది. మేపుకునేవాడికి, పీట్ కోసేవాడికి తెరుచుకోలేదు.

మన సంఘం చరిత్ర పుస్తకం వేయాలని ఎన్నాళ్ళుగా అనుకుంటున్నామో మీకు తెలుసు. మొదటి అధ్యాయం తిరుమల నాయకుడు, రెండో అధ్యాయం రాణి మంగమ్మ అని నిర్ణయించి పెట్టుకున్నాం. మూడో అధ్యాయం ఏమిటంటే అందరం సీలింగు చూస్తాం. వాళ్ళిద్దరి గురించి రాయడానికి విశ్వవిద్యాలయాలు ఉన్నాయి. మన వీధిలో ఏ ఇంటివాళ్ళు ఏ పని చేసుకుంటూ వచ్చారు, బావి ఎవరు తవ్వించారు, నేల ఎట్లా పోయింది, పెళ్ళిలో ఏ పాట పాడేవాళ్ళు, ఇవి రాయడానికి మనం తప్ప ఎవరున్నారు? వచ్చే సమావేశంలో దీని మీద మాట్లాడాలని మా మనవి. తొంభై దాటినవాళ్ళు మన సభ్యుల ఇళ్ళల్లో కొద్దిమందే మిగిలారు. వాళ్ళ దగ్గరికి ముందు పోవాలి, రాజుల దగ్గరికి తరువాత పోవచ్చు.

బెన్నహీ కాలనీకి ఇప్పుడు నడిచే దారి ఉంది. చెట్ల మధ్యలో మోకాలెత్తు గోడలు, చేల గట్లు కనిపిస్తాయి. రాయి మీద రాయి పేర్చిన గోడకు పెద్ద శత్రువు మొక్క. సందులో విత్తనం పడి లేస్తే పదేళ్ళలో వేరు రాళ్ళను విడదీస్తుంది. అందుకని ఆ మొక్కలు పిల్లప్పుడే పీకాలి, ఏడాదికేడాది పీకాలి.